అకాస్టా నైస్: ఒకే రాయి, నాలుగు వయసులు

కెనడాలోని నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో, యెల్లోనైఫ్‌కు ఉత్తరంగా దాదాపు 300 కిలోమీటర్ల దూరాన, అకాస్టా నది పరిసరాల్లో బూడిద రంగు చారల నైస్ (వేడికీ ఒత్తిడికీ మారిన, అంటే రూపాంతరం చెందిన శిల) బయటపడి ఉంది. స్లేవ్ క్రేటన్‌కు, అంటే ఖండపు అతి పాత స్థిర భాగానికి, అది పడమటి అంచు. యురేనియాన్ని పట్టుకునే జిర్కాన్ అనే ఖనిజం ద్వారా వయసు తేల్చిన శిలల్లో భూమ్మీద దీన్ని మించిన పాతది లేదు. అయితే ఈ రాయి వయసు ఎంత అని ప్రచురితమైన పేపర్లను అడిగితే నాలుగు జవాబులు వస్తాయి.

1989లో బౌరింగ్, విలియమ్స్, కాంప్‌స్టన్ ష్రింప్ అయాన్ ప్రోబ్‌తో (అయాన్ల కిరణంతో గింజలో చిన్న చోటును కొలిచే యంత్రం) జిర్కాన్లను కొలిచి 396 కోట్ల ఏళ్లు అన్నారు. 1998లో స్టెర్న్, బ్లీకర్, 1999లో బౌరింగ్, విలియమ్స్ దాన్ని 400 నుంచి 403 కోట్లకు జరిపారు. ఈ లోపు 1997లో మూర్‌బాత్, వైట్‌హౌస్, కాంబర్ మొత్తం శిల సమేరియం-నియోడిమియం పద్ధతిలో (రాయి మొత్తాన్ని పొడి చేసి, సమేరియం నియోడిమియంగా మారిన మేర నుంచి వయసు లెక్కించడం) 337 కోట్లు చూపించి, 400 కోట్ల వాదనను సందేహించారు. ఇదే నైస్‌లోని అపటైట్ అనే ఖనిజపు యురేనియం-సీసం వయసు సుమారు 190 కోట్లు. ఇవి కాక జిర్కాన్ అంచుల్లో 360 కోట్ల దగ్గర మరో గుంపు కనిపిస్తూ ఉంటుంది.

వీటిలో ఏదీ యంత్రం తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో సంఘటనది. ఏ అంకె దేనిదో విడదీసే క్రమం, మధ్యలో జారిపడే చోట్లు ఈ కేసులో ముఖ్యం.

రాయి దగ్గర

చారల నైస్‌లో ఒక పిడికెడు ముక్కలోనే మూడు రకాల రాళ్లు ఉండొచ్చు: పాత టోనలైట్ (గ్రానైట్ జాతి శిల), దాన్ని కోసుకొచ్చిన గ్రానైట్ సిర, రూపాంతరంలో కరిగి కారిన తెల్ల పొర. ముక్క మొత్తాన్ని క్రషర్‌లో వేస్తే మూడింటి జిర్కాన్లూ ఒకే సీసాలోకి చేరతాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రమైనా వాటిని విడదీయలేదు. అందుకే పొరను రంపంతో విడిగా కోయాలి. కోసిన ముఖాన్ని తడిపి చూస్తే సన్నటి పెగ్మటైట్ (పెద్ద స్ఫటికాల గ్రానైట్) సిరలు బయటపడతాయి. ఒక సెంటీమీటరు వెడల్పు సిరను కూడా వదలకూడదు, ఎందుకంటే పెగ్మటైట్‌లో యురేనియం ఎక్కువగా ఉన్న పెద్ద జిర్కాన్లు ఉంటాయి. గింజల్ని ఏరేటప్పుడు కంటికి ముందు ఆనేవి అవే.

సిలికా ఎక్కువగా ఉన్న పొరకు 2 నుంచి 5 కిలోలు చాలు. ముదురు రంగు, ఇనుము-మెగ్నీషియం ఎక్కువున్న పొరకు 10 కిలోలు తెచ్చినా ఒక్కోసారి జిర్కాన్ దొరకదు. కోసుకొచ్చే సంబంధాన్ని, అంటే ఏ పొర దేన్ని దాటి వెళ్తోందో, ఫొటోతోపాటు గీసి పెట్టుకోవాలి. ప్రయోగశాల అంకెలకు చివరి పరీక్ష అదే: కోసుకొచ్చిన సిర తాను కోసిన రాయికన్నా పాతదని తేలితే తప్పు అంకెల్లో ఉంది, రాయిలో కాదు.

గింజల్ని విడదీయడం

జా క్రషర్, డిస్క్ మిల్, 250 మైక్రాన్ల జల్లెడ, నీటి బల్ల, చేతి అయస్కాంతం, ఫ్రాంట్జ్ అయస్కాంత విభాజకం, చివర బరువు ద్రవం. ఈ వరుస అందరికీ తెలిసిందే. మిథిలీన్ అయొడైడ్ సాంద్రత సుమారు 3.3, జిర్కాన్‌ది 4.6 నుంచి 4.7, కాబట్టి గింజ నిస్సందేహంగా అడుగుకు చేరుతుంది. ఇబ్బంది వచ్చేది శుభ్రతలో. జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న నిన్నటి శాంపిల్ గింజ ఇవాళ్టి రాయికి కొత్త చరిత్ర రాసిపెడుతుంది. ప్రతి శాంపిల్‌కూ కొత్త నైలాన్ జల్లెడ గుడ్డ వాడాలి. మిల్లులో శుద్ధ క్వార్ట్జ్ నూరి, ఆ పొడిని కూడా జిర్కాన్ కోసం వెతకాలి. ఒంటరిగా నిలిచే వింత వయసు ఏదైనా కనిపిస్తే ముందు చూడాల్సింది క్రషర్ రిజిస్టరు.

ఏరడంలో మరో ఉచ్చు ఉంది. తేటగా మెరిసే గింజల్నే ఏరితే సీసం తక్కువ పోయినవి దొరుకుతాయి, నిజమే. కానీ రూపాంతరంలో పుట్టిన గుండ్రటి గింజలు కూడా తేటగానే ఉంటాయి, పాత మాగ్మా గింజలు తరచు మసకగా ఉంటాయి. కాబట్టి ఆకారం, రంగు వారీగా ప్రతి గుంపు నుంచీ తీసుకోవాలి.

చిత్రం ముందు, కిరణం తర్వాత

గింజల్ని 25 మిల్లీమీటర్ల ఎపాక్సీ బిళ్లలో పొదిగి, సగం మందం వరకు అరగదీసి, కాథొడోల్యూమినిసెన్స్ (ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు గింజ వెలిగే తీరు) చిత్రం తీయాలి. అకాస్టా తరహా గింజ ఒకదాన్ని దగ్గర నుంచి చూద్దాం. పొడవు 150 మైక్రాన్లు. నడుమ సన్నటి సమాంతర పట్టీలున్న గర్భం ఉంది, ఇది మాగ్మాలో పొరపొరగా పెరిగిన గుర్తు. ఆ పట్టీలను ఒకచోట అడ్డంగా కత్తిరించినట్టు గీత వస్తుంది. గీతకు అవతల చారల్లేని నల్లటి అంచు, మందం 20 మైక్రాన్లు. నలుపు అంటే సాధారణంగా యురేనియం ఎక్కువ. గర్భం మధ్య నుంచి అంచు దాకా ఒక పగులు కూడా ఉంది.

ష్రింప్ కిరణం కొలిచే మచ్చ వెడల్పు 20 నుంచి 25 మైక్రాన్లు, లోతు ఒకటి రెండు మైక్రాన్లు. లేజర్ గుంట వెడల్పు 25 నుంచి 35, లోతు 15 దాకా. ఈ గింజ అంచు మీద లేజర్ పెడితే గర్భం కలవకుండా ఉండదు. పైనుంచి అంచులా కనబడినా అడుగున గర్భం తగలొచ్చు. లేజర్ సిగ్నల్‌ను కాలక్రమంలో చూసి, మధ్యలో నిష్పత్తి మెట్టులా మారితే ఆ మచ్చను రెండుగా విడగొట్టాలి, కుదరకపోతే కొట్టేయాలి. సగటు తీసి ముందుకు పోవడం ఈ తరహా రాళ్లలో అతి మామూలు తప్పు.

ప్రామాణిక గింజల (వయసు ముందే తెలిసినవి) ఎంపిక కూడా తేలికగా తీసుకోవద్దు. టెమోరా-2 (41.7 కోట్లు), ప్లెషోవిట్సె (33.7 కోట్లు) యురేనియం-సీసం అంశాంకనానికి (యంత్రాన్ని సరిచూసుకోవడానికి) మంచివే. కానీ అంత చిన్న వయసు గింజల్లో సీసం-207 తక్కువ, కాబట్టి 207/206 సీసం నిష్పత్తిలో దోషాన్ని అవి పట్టివ్వవు. ఆర్కియన్ (250 కోట్ల ఏళ్లకు పైబడిన) రాళ్లతో పనిచేసేటప్పుడు 346.5 కోట్ల ఏళ్ల ఓజీ-1 జిర్కాన్‌ను ప్రతి విడతలో నడిపించాలి. దాని 207/206 వయసు జరిగితే మీ శాంపిల్ వయసూ అంతే జరిగింది.

అంకెలు ఎలా మోసం చేస్తాయి

యురేనియం-238 సీసం-206గా, యురేనియం-235 సీసం-207గా మారతాయి; మొదటిదాని అర్ధాయువు 446.8 కోట్ల ఏళ్లు, రెండోదానిది 70.4 కోట్లు. 403 కోట్ల ఏళ్ల కిందట పుట్టి, ఏమీ పోగొట్టుకోని జిర్కాన్‌లో ఇవాళ 206/238 నిష్పత్తి 0.8685, 207/235 నిష్పత్తి 51.9, 207/206 నిష్పత్తి 0.434 ఉండాలి. యురేనియం 238/235 నిష్పత్తిని పాత 137.88కి బదులు 2012 తర్వాతి 137.818గా తీసుకుంటే 207/206 వయసు సుమారు 6.7 లక్షల ఏళ్లు తగ్గుతుంది. ష్రింప్ కచ్చితత్వానికి అది పట్టింపు కాదు, టిమ్స్‌కు (గింజను కరిగించి కొలిచే మరింత కచ్చితమైన పద్ధతి) మాత్రం పట్టింపే. పాత, కొత్త పేపర్ల అంకెల్ని పక్కపక్కన పెట్టేటప్పుడు ఏ విలువ వాడారో చూడాలి.

ఇప్పుడు ఆ గింజ ఇటీవల, ఉదాహరణకు ఉపరితల వాతావరణ క్రియలో, 30 శాతం సీసం పోగొట్టుకుందనుకుందాం. 206/238 వయసు 306 కోట్లకు, 207/235 వయసు 368 కోట్లకు పడిపోతాయి. 207/206 వయసు మాత్రం 403 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే రెండు ఐసోటోపులూ ఒకే పాళ్లలో పోయాయి. ఇక్కడ పొంతన లోపం, అంటే 206/238, 207/206 వయసుల మధ్య తేడా, 24 శాతం. చూడగానే భయపెట్టే అంకె, కానీ వయసుకు ప్రమాదం లేదు.

అసలు ప్రమాదం పాత నష్టంలో ఉంది. అదే గింజ 337 కోట్ల ఏళ్ల కిందటి రూపాంతరంలో అప్పటికి పోగైన సీసంలో సగం పోగొట్టుకుందనుకోండి. ఇవాళ కొలిస్తే 206/238 నిష్పత్తి 0.778, వయసు 371 కోట్లు. 207/235 నిష్పత్తి 39.3, వయసు 375 కోట్లు. 207/206 నిష్పత్తి 0.366, వయసు 378 కోట్లు. పొంతన లోపం 2 శాతం కూడా లేదు. అందరూ వాడే 5 శాతం, 10 శాతం జల్లెడల్లోంచి ఇది దర్జాగా దాటిపోతుంది. 378 కోట్ల ఏళ్ల కిందట ఆ రాయికి ఏమీ జరగలేదు. అయినా పట్టికలో మంచి నక్షత్రంతో కూర్చుంటుంది.

కారణం వక్రం ఆకారం. కాంకార్డియా వక్రం (రెండు యురేనియం గడియారాలూ ఒకే వయసు చెప్పే బిందువుల గీత) ఆ కాలంలో తీగకు, అంటే రెండు బిందువులను కలిపే సరళ రేఖకు, దాదాపు అతుక్కుని నడుస్తుంది. 403, 337 బిందువులను కలిపే గీత వక్రం కిందనే ఉన్నా అంతరం అతి తక్కువ. యంత్రపు దోషం ఆ అంతరాన్ని మింగేస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 403 కోట్ల గర్భం, 337 కోట్ల అంచు సమాన యురేనియంతో చెరి సగం ఒకే మచ్చలో పడినా సరిగ్గా ఇవే నిష్పత్తులు వస్తాయి. సీసం పోవడమా, మిశ్రమమా అన్నది అంకెల్లో తేలదు. అందుకే చిత్రం, మచ్చ స్థానం, సిగ్నల్ ఆకారం లేని వయసు పట్టికను ఆర్కియన్ రాళ్ల విషయంలో సగం పత్రంగానే లెక్కించాలి.

వయసుల హిస్టోగ్రామ్‌లో విడి గుట్టలు కాకుండా 403 నుంచి 337 దాకా పరుచుకున్న తోక కనిపిస్తే అది చెదిరిన చరిత్ర గుర్తు. తోకలోని ప్రతి ముద్దనూ ఒక సంఘటనగా ప్రకటించవద్దు. కనీసం పట్టీలున్న గర్భంలో, పగుళ్లకు దూరంగా, మచ్చ పూర్తిగా ఒకే భాగంలో పడిన విశ్లేషణలు కలిసి, ఎంఎస్‌డబ్ల్యూడీ (చెదురు యంత్ర దోషానికి ఎంత సరిపోతుందో చెప్పే కొలత) ఒకటికి దగ్గరగా వచ్చే గుంపే స్ఫటికీకరణ వయసుకు అర్హం.

జిర్కాన్ ఆరోగ్యం

500 పీపీఎం (పది లక్షల్లో 500 వంతులు) యురేనియం ఉన్న గింజ 403 కోట్ల ఏళ్లలో గ్రాముకు సుమారు 1.2×10¹⁹ ఆల్ఫా విఘటనలు చూస్తుంది. మధ్యలో వేడెక్కి నయం కాకపోతే స్ఫటిక జాలకం పూర్తిగా విరిగిపోవడానికి అది ఎక్కువే. విరిగిన జాలకంలోంచి సీసం కారుతుంది, లోపలికి ఇనుము, కాల్షియం, తేలిక రేర్ ఎర్త్‌లు (లాంథనం, సీరియం వంటి మూలకాలు) చేరతాయి. కాబట్టి వయసు కొలిచిన చోటే, లేదా ఆనుకుని, రేర్ ఎర్త్‌లను కూడా కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న మాగ్మా జిర్కాన్‌లో లాంథనం అతి తక్కువ, సీరియం ఒంటరిగా పైకి, యూరోపియం కిందకు, ఇటర్బియం వైపు నిటారుగా ఎక్కే గీత ఉంటాయి. తేలిక రేర్ ఎర్త్‌లు చదునుగా పైకి లేచాయంటే ఆ మచ్చ వయసును స్ఫటికీకరణ కింద రాయకూడదు.

థోరియం/యురేనియం నిష్పత్తి మీద మాత్రం అతిగా ఆధారపడొద్దు. 0.1 కన్నా తక్కువైతే రూపాంతర అంచు అనుకోవడం చాలాసార్లు సరిపోతుంది. గ్రాన్యులైట్ స్థాయి (రూపాంతరంలో అతి ఎక్కువ) వేడిలో పెరిగిన అంచుల్లో ఆ నిష్పత్తి మాగ్మా గింజల స్థాయిలోనే ఉండొచ్చు.

టిమ్స్‌కు పంపే గింజకు రసాయన రాపిడి తప్పనిసరి: 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర 48 నుంచి 60 గంటలు కాల్చడం, తర్వాత 180 నుంచి 210 డిగ్రీల దగ్గర గాఢ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో సుమారు 12 గంటలు ఉంచడం. దెబ్బతిన్న భాగాలు కరిగిపోయి గట్టి భాగం మిగులుతుంది. అకాస్టా వంటి గింజల్లో ఒక్కోసారి మిగిలేది చూర్ణమే. పైగా ఇది ఇటీవలి నష్టాన్ని బాగా కడుగుతుంది కానీ, 337 కోట్ల నాటి నష్టం తర్వాత జాలకం నయమైపోయి ఉంటే ఆ భాగాన్ని ఆమ్లం గుర్తుపట్టదు.

నియోడిమియం వాదన

మూర్‌బాత్ బృందం గీత 337 కోట్లు ఇచ్చింది. బిందువులు విశ్లేషణ దోషానికి మించి చెదిరి ఉన్నాయి, కాబట్టి అది శుద్ధ ఐసోక్రాన్ (ఒకే వయసు శాంపిళ్లు పడే సరళ రేఖ) కాదు. ప్రారంభ ఎప్సిలాన్ నియోడిమియం (తొలి భూమి ప్రమాణంతో పోలిస్తే నియోడిమియం ఐసోటోపు నిష్పత్తిలో పదివేలకు ఎంత తేడా) సుమారు మైనస్ 5.6. ఇక్కడ ఒక చిన్న లెక్క వేస్తే గొడవ చాలావరకు తీరుతుంది. సాధారణ ఖండ పటలంలో సమేరియం-147/నియోడిమియం-144 నిష్పత్తి 0.11 అనుకుంటే ఎప్సిలాన్ 100 కోట్ల ఏళ్లకు సుమారు 11 చొప్పున దిగుతుంది. మైనస్ 5.6కు దిగడానికి 50 కోట్ల ఏళ్లు కావాలి. అంటే 337 కోట్ల నాటికే ఆ పదార్థం 387 కోట్ల ఏళ్ల కిందట ప్రావారం (పటలం కింది పొర, మాంటిల్) నుంచి విడిపోయి ఉండాలి. మూల ప్రావారం కాస్త క్షీణించినదైతే (ముందే కొంత కరుగు పోగొట్టుకున్నదైతే) ఇంకా వెనక్కి, 400 దగ్గరకు పోతుంది. 337 కోట్లు నియోడిమియం మొత్తం శిల స్థాయిలో తిరిగి కలిసిపోయిన సమయం. రాయి పుట్టిన సమయం వేరు.

అటువైపు వాదనలోనూ లోటు ఉంది. 1995లో బౌరింగ్, హౌష్ ఒక్కో శాంపిల్‌కు దాని జిర్కాన్ వయసు పెట్టి ప్రారంభ ఎప్సిలాన్ లెక్కించగా ప్లస్ నుంచి మైనస్ దాకా పెద్ద చెదురు వచ్చింది. అది తొలి భూమి ప్రావారంలోని వైవిధ్యమని చదివారు. శిలలో సమేరియం/నియోడిమియం నిష్పత్తి తర్వాతి రూపాంతరంలో మారి ఉంటే ఆ చెదురు కృత్రిమం. తేలిక రేర్ ఎర్త్‌లను పట్టుకునే అలనైట్, మోనజైట్, అపటైట్ వంటి ఖనిజాలు కరిగి మళ్లీ పెరిగితే చాలు. ఇక్కడ మొత్తం శిల కన్నా జిర్కాన్‌లోని హాఫ్నియం నమ్మకమైన సాక్షి, ఎందుకంటే హాఫ్నియంగా మారే లుటీషియం గింజలో స్వల్పం, హాఫ్నియం అపారం.

అయితే హాఫ్నియానికీ వయసు సరిగ్గా ఇవ్వాలి. పైన చెప్పిన 378 కోట్ల దొంగ వయసు పెట్టి, నిజంగా 403 కోట్ల నాటి గింజకు ఎప్సిలాన్ హాఫ్నియం లెక్కిస్తే విలువ సుమారు 5.7 యూనిట్లు కిందకు జారుతుంది. సున్నా ఉండాల్సింది మైనస్ 5.7 అవుతుంది. దాన్ని చూసి ఇక్కడ అంతకుముందే పాత ఖండ పటలం కరిగిందని రాయడం సులువు. లేని ఖండాన్ని సీసం నష్టం పుట్టించినట్టు. హాఫ్నియం, వయసు ఒకే గుంటలోంచి, వీలైతే ఒకేసారి రెండు స్పెక్ట్రోమీటర్లకు పంపి కొలవడం ఇందుకే.

అపటైట్ 190 కోట్లు ఏ వివాదమూ లేనిది. అపటైట్‌లో సీసం 450 నుంచి 550 డిగ్రీలకే కదులుతుంది. పక్కనున్న వాప్‌మే పర్వత నిర్మాణ కాలపు వేడి అందుకు సరిపోతుంది.

శిల రసాయనం

ఇక్కడి అత్యంత పాత భాగం ఇడివా టోనలైట్ నైస్, వయసు 402 కోట్లు. రైమింక్ బృందం 2014లో దీని రసాయనాన్ని ప్రచురించింది. ఆర్కియన్ ఖండాలను ఎక్కువగా కట్టిన టీటీజీ (టోనలైట్-ట్రోంజెమైట్-గ్రానోడయోరైట్) శిలలతో పోలిస్తే ఇది వేరే జాతి: ఇనుము ఎక్కువ, మెగ్నీషియం తక్కువ, రేర్ ఎర్త్ గీత చదును, యూరోపియం లోటు. లోతులో గార్నెట్ మిగిలి ఉండగా కరిగితే ఇట్రియం, ఇటర్బియం దానిలోనే ఉండిపోయి గీత నిటారుగా దిగుతుంది. ఇనుము-మెగ్నీషియం శిలల్లో అందుకు సుమారు 10 కిలోబార్ల ఒత్తిడికి పైన, అంటే దాదాపు 35 కిలోమీటర్ల లోతు కావాలి. ఇడివాలో ఆ గుర్తు లేదు. యూరోపియం లోటు ప్లాజియోక్లేజ్ (యూరోపియాన్ని పట్టుకునే ఫెల్డ్‌స్పార్) విడిపోయిన లోతు తక్కువ చోటును చూపిస్తుంది. ఇవాళ ఐస్‌లాండ్‌లో బసాల్ట్ నుంచి పుట్టే సిలికా శిలలతో దీని పోలిక దగ్గరగా ఉంది. దాని మాగ్మా జిర్కాన్లలో ఆక్సిజన్-18 డెల్టా విలువ (ప్రమాణంతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా) 4.7 దగ్గర ఉంది. ప్రావారపు జిర్కాన్‌కు 5.3, అటూ ఇటూ 0.3. కిందకు దిగడమంటే వేడి ఉపరితల నీటితో మారిన రాయి మాగ్మాలో కలిసిందన్న మాట. దెబ్బతిన్న గింజలోకి తర్వాత దూరిన నీరు కూడా ఈ విలువను మార్చగలదు, కాబట్టి ఆక్సిజన్‌తోపాటు హైడ్రాక్సైడ్ సిగ్నల్‌నూ కొలిచి, ఎక్కువున్న మచ్చల్ని తీసేయాలి. 360 కోట్ల దగ్గరి యూనిట్లలో మాత్రం నిటారు గీత, టీటీజీ పోలిక కనిపిస్తాయి. కరగడం లోతుకు దిగిందని అర్థం.

ఈ వాదనంతా ఇట్రియం, ఇటర్బియం, జిర్కోనియం అంకెల మీద నిలబడి ఉంది. అక్కడే ప్రయోగశాల దెబ్బ కొడుతుంది. తెరిచిన బీకరులో హైడ్రోఫ్లోరిక్-నైట్రిక్ ఆమ్లాలతో కరిగిస్తే జిర్కాన్ అడుగున మిగిలిపోతుంది. దానితోపాటు జిర్కోనియం, హాఫ్నియం, బరువు రేర్ ఎర్త్‌లు తగ్గిపోతాయి. ఫలితం: లేని గార్నెట్ గుర్తు. లిథియం మెటాబోరేట్‌తో గాజుగా కరిగించాలి, లేదా మూసిన బాంబులో 190 డిగ్రీల దగ్గర కనీసం 48 గంటలు ఉంచాలి. తనిఖీ చాలా సులువు. అదే పొడికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఆమ్లంలో కరిగించకుండా ఎక్స్ కిరణాలతో కొలిచే పద్ధతి) ఇచ్చిన జిర్కోనియం, ఐసీపీ-ఎంఎస్ (కరిగించిన ద్రావణాన్ని కొలిచే స్పెక్ట్రోమీటర్) ఇచ్చిన జిర్కోనియం పక్కపక్కన పెట్టండి. రెండోది 10 శాతానికి మించి తక్కువైతే ఆ విడతను మళ్లీ కరిగించండి. నూరడానికి టంగ్‌స్టన్ కార్బైడ్ వాడితే టంగ్‌స్టన్, కోబాల్ట్, టాంటలం పొడిలో చేరతాయి. నయోబియం-టాంటలం నిష్పత్తి కావాలంటే అగేట్ గిన్నే శరణ్యం.

పొటాషియం, రుబీడియం, సోడియంతో గీసిన వర్గీకరణ చిత్రాలను ఈ రాళ్లలో పక్కన పెట్టొచ్చు. ఇన్నిసార్లు వేడెక్కిన రాయిలో అవి కదలకుండా ఉండవు.

పట్టికలో ఏం రాయాలి

స్ఫటికీకరణ వయసు గడిలో 402 నుంచి 403 కోట్లు, ఏ గర్భాల మీద, ఎన్ని మచ్చలతో, ఏ ప్రామాణిక గింజతో అన్నది ఉండాలి. రూపాంతర అంచులకు 360 దగ్గర ఒక గడి, నియోడిమియం పునఃసమీకరణకు 337, చల్లబడిన వయసుకు 190. తొలగించిన మచ్చల్నీ, తొలగించిన కారణాన్నీ అనుబంధంలో పెట్టాలి.

అకాస్టా టోనలైట్ నైస్ ఒకదానిలో 2006లో ఈజుకా బృందానికి 420 కోట్ల ఏళ్ల జిర్కాన్ ఒకటి దొరికింది. దాన్ని పట్టుకున్న శిల వయసు 394 కోట్లు. అదొక్కటే గింజ, పాత రాయి నుంచి మాగ్మా మోసుకొచ్చినది. ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో 440 కోట్ల ఏళ్ల గింజ దొరికిన రాయి కూడా దానికన్నా 100 కోట్ల ఏళ్లకు పైగా చిన్నదైన అవక్షేప శిలే. ఇలాంటి అంకె వారసత్వ గింజల గడిలోకి పోతుంది. అక్కడ దాని పక్కన రాయాల్సింది గింజ చిత్రం సంఖ్య, మచ్చ స్థానం, మూడు నిష్పత్తులు, హాఫ్నియం విలువ.